కారుతో పాటు వచ్చిన జనం

ఎర్రగుంట,
సోమవారం.

గౌరవనీయులైన సీతారాంరావు సారుకు, మీ దగ్గర కారు కొనుక్కున్న తోమాసు దండం పెట్టి రాసుకుంటున్నది.

మేము క్షేమం. మంథనిలో మీరూ, లీలాబాయి అమ్మగారూ కూడా క్షేమమని తలుస్తాను. మొన్న మీకు ఫోన్ చేశాను. అమ్మగారు ఫోన్ తెచ్చి మీ చెవికి ఆనించారు. నా కష్టమంతా చెప్పుకున్నాను. మీరు ఓపికగా పట్టుకుని, చివరికి ‘‘మంచిది, సంతోషం, కారు మంచిగున్నదన్నమాట’’ అని పెట్టేశారు. హారన్లు వినపడటం లేదనే గదా మీరు కారు అమ్మింది. అది మరిచి ఫోన్ చేయడం నాదే పొరపాటు. అందుకని కాగితం పట్టాను.

సారూ, నేను ముప్పై ఏళ్ళు పెద్దపల్లి, మంథని మధ్య బస్సులో కండక్టరుగా చేశాను. నాకు పెద్ద చదువు లేదు. మనుషుల్ని చదివాను. టికెట్టుకు సరిపడా చిల్లర చేతిలో పట్టుకుని ఎక్కేవాళ్ళు వేరే జాతి, పెద్ద నోటు ఇచ్చి కిటికీలోంచి ప్రకృతిని చూసేవాళ్ళు వేరే జాతి. ఈ విషయం మీద చాలా చెప్పగలను గానీ అసలు సంగతి అది కాదు. ఉద్యోగం దిగిపోయిన రోజు ఒక్కటే కోరుకున్నాను. ఇకమీదట నేను ఎక్కే బండిలో నేనూ, నా భార్య ప్రేమమ్మా తప్ప మూడో మనిషి ఉండకూడదు. ఆమెకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఆదివారం పెద్దపల్లి చర్చికి నా పక్కన ముందు సీట్లో కూర్చుని, అద్దం దించుకుని, వరి చేలు చూసుకుంటూ పోవాలని ఆమె ఆశ. కారు కొని నెల దాటింది. ఆమె ఒక్కసారి కూడా ముందు సీట్లో పెద్దపల్లి చేరలేదు.

కాబట్టి కారును వెనక్కి తీసుకోవాలని మనవి. కారు మీద నాకు కోపం లేదు. కొన్నందుకు నా మీద నాకే ఉంది.

మీ విధేయుడు,
తోమాసు

తా.క.: ప్రేమమ్మ కూడా మీకు ఒక మాట రాయమంది. పెద్దవారు, ఆ మాట రాయను.


మంథని,
గురువారం.

తోమాసుకు సీతారాంరావు ఆశీస్సులు. చెల్లెమ్మ ప్రేమమ్మకు కూడా.

ఉత్తరం అందింది. కండక్టరు అక్షరం ఇంత గుండ్రంగా ఉంటుందని అనుకోలేదు. కదిలే బస్సులో రాసి రాసి అలవాటైన చేయి, కదలని బల్ల మీద ఇంకా బాగా సాగుతుంది కాబోలు.

ముందు సీటు సంగతి రాశారు. ఇంత చిన్నదానికి కారు వాపసు ఇస్తారా? సీటు కింద ఎడమ పక్కన ఒక మీట ఉంటుంది. దాన్ని పైకి లాగి, నడుముతో వెనక్కి ఒక్క తోపు తోస్తే సీటు చెప్పినట్టు వింటుంది. రెండో గేరును మాత్రం బతిమాలాలి. నేను రోజూ మీ ఊరి మీదుగా పోయి పెద్దపల్లి బడిలో లెక్కలు చెప్పిన రోజుల్లో కొందరు పిల్లలుండేవారు, కోప్పడితే వచ్చిన ఎక్కం కూడా మరిచిపోయేవారు. రెండో గేరు ఆ బాపతు. వెనక ఎడమ తలుపుకు గడియ పడటం లేదని కూడా మీరు గమనించి ఉంటారు. అది పాడవలేదు, నేనే తీయించాను. యాదవ్వ వేళ్ళు వంగవు, గడియ తీయడం ఆమెకు కష్టం.

ఇంత మంచి కారు మీకు దొరకదు తోమాసూ. దాన్ని తుడుస్తూ ఉండండి, అదే దారిన పడుతుంది.

ఇట్లు,
సీతారాంరావు

తా.క.: హారన్ సరిగా మోగకపోతే నన్ను అనవద్దు. అది మోగుతుందో లేదో నాకు ఎన్నడూ తెలియలేదు.


ఎర్రగుంట,
ఆదివారం సాయంత్రం.

సారుకు తోమాసు మళ్ళీ విన్నవించుకోవడం.

సీటుకు ఏ రోగమూ లేదు సారూ. సీటు మీద లింగమూర్తి ఉన్నాడు.

మొదటి నుంచి చెబుతాను. కారు తెచ్చిన మర్నాడే ప్రేమమ్మను ముందు కూర్చోబెట్టుకుని రోడ్డెక్కాను. బోరింగు దగ్గర ఒక ముసలామె చేయి ఎత్తింది. చేయి ఎత్తితే బండి ఆగాలన్నది నా ఎముకల్లో ఇంకిపోయింది, ఆపాను. ఆమె వెనక తలుపు తీసి, కోళ్ళ గంప ముందు పెట్టి, తరువాత తాను ఎక్కింది.

‘‘అవ్వా, గిది నా కారు. నేను కొన్న.’’

‘‘కొంటే మంచిగ కొన్నవ్ బిడ్డా. రావు సారు చేతి బండి. జర అంగడి కాడ దింపు.’’

‘‘రావు సారు అమ్మిండు. గిది కిరాయి బండి కాదు.’’

‘‘రావు సారు గూడ కిరాయి తీస్కోలే. నువ్వు తీస్కుంటవా ఏంది?’’

ఆ మాటకు నేను సిగ్గుపడి గేరు మార్చాను. రెండోది. పడలేదు. ఆ ముసలామే మీ యాదవ్వ.

కాస్త ముందుకు పోగానే ఎరువుల దుకాణం లింగమూర్తి నిలబడి ఉన్నాడు. నడి వయసు మనిషి, చేతిలో టిఫిన్ డబ్బా. నేరుగా ముందు తలుపు తీసి ప్రేమమ్మను చూసి ఆశ్చర్యపోయాడు.

‘‘అక్కా, గిది నా సీటు. ఎన్నో ఏండ్ల సంది గిదే. జర ఎనుకకు జరుగుతవా?’’

ప్రేమమ్మ నా వైపు చూసింది. నేను రోడ్డు వైపు చూశాను. ఆమె దిగి వెనక కోళ్ళ పక్కన కూర్చుంది.

‘‘బస్సు ఉన్నది గదా, అండ్ల పోరాదు?’’ అన్నాను యాదవ్వతో.

‘‘బస్సులనా? నువ్వే గదా కండక్టరువు. నిలవడ్డోళ్ళను లోపటికి నూకుడే నూకుడు. నాకు యాది లేదనుకుంటున్నవా?’’

వెనక అద్దం మీద ‘ఇది రావు సారు కారు కాదు’ అని ఎర్ర రంగుతో రాయించాను. లింగమూర్తి పైకి చదివి, అక్షరాలు మంచిగ వచ్చినయ్ అని మెచ్చుకుని, ముందు సీట్లో కూర్చున్నాడు.

సారూ, నిజం చెబుతున్నాను. నాకు జీతం ఇచ్చారు కాబట్టి జనాన్ని మోశాను. మీరు ఏమీ తీసుకోకుండా, మీ డీజిలు పోసి, ఇన్నేళ్ళు ఎట్లా మోశారు? దండం పెట్టాలనిపిస్తుంది. దండం పెట్టి కారు ఇచ్చేయాలనిపిస్తుంది.

మీ,
తోమాసు

తా.క.: కోడి ఒకటి సీటు కింద గుడ్డు పెట్టింది. యాదవ్వ దాన్ని ప్రేమమ్మకు ఇచ్చింది. ప్రేమమ్మ అది ఉడికించి నాకు పెట్టకుండా తినేసింది.


మంథని,
బుధవారం.

తోమాసుకు ఆశీర్వచనం.

మీ ఉత్తరం లీలాబాయికి చదివి వినిపించాను. ఆమె నవ్వింది. నాకు వినపడదు గానీ భుజాలు కదిలాయి.

జనాన్ని ఎక్కించుకుంటున్నందుకు సంతోషం. కానీ మీరు లక్ష్మీరాజాన్ని మరిచినట్టున్నారు, ఉత్తరంలో ఎక్కడా లేడు. కల్లు మానేసిన మనిషి, శుక్రవారం కాలువ వంతెన మీద నిలబడతాడు. ఎక్కాక మాట్లాడడు, మీరూ మాట్లాడించవద్దు. దిగేటప్పుడు మాత్రం తలుపు గట్టిగా వేస్తాడు. అది ఆయన కృతజ్ఞత.

ఒకవేళ నిజంగానే వీళ్ళు భారమైతే ఒక ఉపాయం చెబుతాను. లెక్కలో రెండు వైపులా ఉమ్మడిగా ఉన్నదాన్ని కొట్టేస్తే లెక్క తేలికవుతుంది. ఇక్కడ మీకూ, వాళ్ళకూ ఉమ్మడిగా ఉన్నది నేను. కాబట్టి నన్ను కొట్టేయండి. రావు సారు అని ఎవరైనా అంటే ‘ఆ మనిషెవరో నాకు తెలియదు’ అనండి. పరిచయం లేనివాడి కారు ఎవరు ఎక్కుతారు?

ఇట్లు,
సీతారాంరావు

తా.క.: అద్దం మీద నా పేరు రాయించారట. పోతూ పోతూ అందరూ చదువుతారు గదా. పెద్ద అక్షరాలేనా?


ఎర్రగుంట,
మంగళవారం.

సారుకు తోమాసు నివేదించునది.

మీ ఉపాయం అమలు చేశాను. మొన్న నెలలో మొదటి ఆదివారం. మాకు ఆ రోజు ప్రభు భోజనం ఉంటుంది. మా వాళ్ళలో ఆడవాళ్ళు ఆ రోజు తెల్ల చీర కట్టుకుని చర్చికి పోతారు. ప్రేమమ్మ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చీర కట్టుకుని, ఎట్లాగూ లేవాల్సిందే గదా అని తానే వెనక సీట్లో కూర్చుంది.

బోరింగు దగ్గర యాదవ్వ ఎక్కి, రావు సారు ఎట్లున్నడు అంది. ఆ మనిషెవరో నాకు తెల్వదు అన్నాను. లింగమూర్తి అడిగాడు, అతనికీ అదే చెప్పాను. రోడ్డు పక్కన వడ్లు ఆరబోసే వాళ్ళు బండి ఆపి మిమ్మల్ని అడిగారు, వాళ్ళకూ తెల్వదన్నాను. చర్చి ముందు బండి ఆపగానే వెనక సీట్లో యాదవ్వ కోడిపుంజు కూసింది.

మీకు మా కథ తెలుసో లేదో. గురువును పట్టుకుపోయిన రాత్రి ఆయన పెద్ద శిష్యుడు ఆయనెవరో నాకు తెలియదని మూడుసార్లు అన్నాడు, వెంటనే కోడి కూసింది. చిన్నప్పటి నుంచి వింటున్నదే. ప్రేమమ్మ వెనక నుంచి నా మెడ వైపు చూస్తోందని వెనక్కి తిరగకుండానే తెలిసింది. ప్రార్థన మొత్తం తల ఎత్తలేదు.

అయితే ఉపాయం సగం పనిచేసింది సారూ. ఆ రోజు నుంచి జనం మెత్తబడ్డారు. బండి ఎక్కుతారు గానీ గట్టిగా మాట్లాడరు. ఎక్కే ముందు బానెట్ తాకి కళ్ళకు అద్దుకుంటున్నారు. లింగమూర్తి ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా కళ్ళు తుడుచుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఎరువుల ధర పెరిగిందేమో అనుకున్నాను.

మీ,
తోమాసు

తా.క.: మీ లక్ష్మీరాజం శుక్రవారం దాకా ఆగకుండా నిన్ననే ఎక్కాడు. తలుపు మెల్లగా వేశాడు.


మంథని,
శనివారం.

తోమాసూ,

ఆశీస్సులు పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. పోయినవాళ్ళ ఆశీస్సులు చెల్లుతాయో లేదో.

నేను చనిపోయాను. ఊరంతటికీ తెలిశాక నాకు తెలిసింది. చెవులు లేకపోతే ఇంటి వార్తే ఆఖరున అందుతుంది. పొద్దున వరండాలో పేపరు చదువుతుంటే లక్ష్మీరాజం గేటు తీసుకుని వచ్చాడు, మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని. నన్ను చూసి మెట్టు మీద కూలబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి. ఏదో పలకరింపు అనుకుని ‘‘మంచిది, సంతోషం’’ అన్నాను. అంతలో ఇంకా నలుగురు, వాళ్ళ వెనక ఒక ఆటో నిండా ఆడవాళ్ళు. లోపలి నుంచి లీలాబాయి ఆకుపచ్చ చీరలో, నుదుట ఇంత బొట్టుతో, చేతిలో పచ్చిమిరపకాయల గిన్నెతో వచ్చింది. ఆ ఆడవాళ్ళ మొహాలు చూడాలి. భర్త పోయి వారం కాలేదు, ఈ వైభోగం ఏమిటి అన్నట్టు.

తరువాత లీలాబాయి పలక మీద రాసి నాకు చెప్పింది. మన కారు వెనక సీట్లో తెల్ల చీరలో ఒక పెద్దావిడ తల దించుకుని పోతుంటే దారి పొడుగునా జనం చూశారు. నడిపేవాడు ఎవడో కొత్తవాడు, రావు సారు ఎవరో నాకు తెల్వదన్నాడు. సారు పోయిండు, కారు ఎవలకో అమ్ముకున్నరు, పాపం అమ్మను యాడికో తీస్కపోతున్నరు అని వాళ్ళు తేల్చేశారు. ఆ మాట సాయంత్రానికి మన బండి ఎక్కేవాళ్ళకూ చేరింది, వాళ్ళూ నమ్మారు. లెక్క తప్పే గానీ, మెట్లన్నీ వరసగా ఉన్నాయి. నేను బళ్ళో ఉంటే సగం మార్కులు వేసేవాణ్ణి.

లీలాబాయి నాతో మాట్లాడటం లేదు. పలక మీద కూడా. చివరగా రాసింది ఇది: ‘‘నాకు తెల్ల చీర కట్టించినోని పేరు తోమాసా? ఒక్కసారి ఇంటికి రమ్మను.’’

ఇట్లు, ఇప్పటికి ఉన్న
సీతారాంరావు

తా.క.: లింగమూర్తి ఏడ్చాడని రాశారు. ఏమని ఏడ్చాడు? మిగతావాళ్ళు ఏమన్నారు? నేను బతికే ఉన్నానని వాళ్ళకు వెంటనే చెప్పనక్కరలేదు. ముందు అందరూ అనవలసింది అననివ్వండి.


ఎర్రగుంట,
మంగళవారం.

చిరకాలం బతకవలసిన సారుకు, అమ్మగారి ముందు మోకాళ్ళ మీద ఉన్న తోమాసు రాసేది.

క్షమించాలి. ప్రేమమ్మ తెల్ల చీర చూసి ఇట్లా అనుకుంటారని నాకు తట్టనే లేదు. మా ఇంట్లో తెల్ల చీర అంటే పండుగ. ప్రేమమ్మ బాధపడింది. అమ్మగారికి ఒక రంగు చీర పెట్టి క్షమాపణ చెప్పుకుంటానంది.

మీరు అడిగారు కాబట్టి వాళ్ళు అన్నవి రాస్తున్నాను. ఒక్క మాటా కలపలేదు.

యాదవ్వ: ‘‘గాయినకు నేను కిరాయి ఇయ్యవోతే, అవ్వా, పదమూడో ఎక్కం చెప్పు, అదే కిరాయి అనేటోడు. ఇంటికాడ మనుమరాలితోని సదివిచ్చుకొని సగందాంక నేర్చిన. మిగిలిన సగం ఇగ ఎవలకు చెప్పాలె?’’

లింగమూర్తి: ‘‘నేను పదోది మూడుమాట్ల తప్పిన. బాపు బడి మాన్పిచ్చిండు. సారు రోజు బండి ఆపి, నన్ను పక్కన కూసోవెట్టుకొని, పెద్దపల్లి దాంక లెక్కలు చెప్పిండు. ఆఖరుకు పాసైన. గప్పటి సంది నాకు ఇంకో సీట్ల కూసోబుద్ధి కాదు.’’

అది విన్నాక అతన్ని ఆ సీట్లోంచి లేవమనడానికి నాకు నోరు రాలేదు సారూ. వెనక సీట్లో ప్రేమమ్మ కూడా అద్దం వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. అయితే మీ మీద ఒక్క ఫిర్యాదు ఉంది, అందరిదీ ఒకటే మాట. మీ డ్రైవింగు భయంకరంగా ఉండేదట. నా బండిలోనే మొదటిసారి కళ్ళు తెరిచి దారి చూశారట. ఎడమ పక్క ఒక చెరువు ఉందని లింగమూర్తికి ఇప్పుడే తెలిసింది.

మీరు బతికే ఉన్నారని చెప్పేశాను, దాచలేకపోయాను. ఎవరూ నమ్మలేదు. ‘‘మొన్న ఎవలో తెల్వదంటివి, ఇప్పుడు బతికున్నడంటున్నవ్. ఏ మాట ఖరారు?’’ అంది యాదవ్వ.

సారూ, కారు తీసుకోండి. మొదట కోపంతో అడిగాను, ఇప్పుడు అట్లా కాదు. అది మీరు నడిపిన కారు కాదు, మీరు కూడబెట్టిన మనుషులు. అంత ఆస్తి నాకు మోయరాదు. ప్రేమమ్మకు ఒక్క సీటు చాలు, ఏ బండిలోనైనా.

మీ,
తోమాసు

తా.క.: లక్ష్మీరాజం ఇల్లు చేరాక మళ్ళీ కల్లు మొదలుపెట్టాడు. బతికున్న మనిషిని ఓదార్చివచ్చినందుకు సిగ్గేసిందట. మిమ్మల్ని కళ్ళారా చూశానని చెబితే అందరూ కల్లు మాటలంటున్నారు.


మంథని,
శుక్రవారం.

తోమాసుకు నిండు ఆశీస్సులు. ఇప్పుడు చెల్లుతాయి.

మీ ఉత్తరం చాలాసార్లు చదివాను. కారు అమ్మాక మా గేటు ఎవరూ తీయలేదు. రోడ్డు మీద నా బండి ఎక్కినవాళ్ళంతా దిగిపోయారు అనుకున్నాను. చనిపోయిన రోజునే ఇల్లు నిండింది. బండి నడపడానికి చెవులు కావాలి గానీ బండిలో కూర్చోవడానికి అక్కరలేదు. ఇన్నాళ్ళూ నాకు ఈ చిన్న లెక్క తట్టలేదు. కారు నేనే తీసుకుంటాను. డ్రైవరును కుదిర్చాను, దేవదాస్ అని బస్సు డ్రైవరుగా దిగిపోయినవాడు. మీ బస్సే నడిపేవాడట.

జనం నమ్మాలంటే చూపించాలి. వచ్చే నెల మీ మొదటి ఆదివారం చెల్లెమ్మ తెల్ల చీరలో సిద్ధంగా ఉండాలి. లీలాబాయి రంగు చీరలో ఉంటుంది. ఇద్దరూ ఒకే బండిలో, పక్కన నేను. పెద్దపల్లి దాకా పోదాం.

ఇట్లు,
సీతారాంరావు

తా.క.: లీలాబాయి మాట్లాడుతోంది. పలక చాలక గోడ మీద కూడా రాస్తోంది.


ఎర్రగుంట,
ఆదివారం మధ్యాహ్నం.

సారుకు తోమాసు రాసేది.

మీరు కారులోనే ఉన్నారు గానీ, నేను రోడ్డు మీద నుంచి అరిచింది మీకు వినపడలేదు. అందుకని రాస్తున్నాను.

పొద్దున ప్రేమమ్మా, నేనూ బోరింగు దగ్గర నిలబడ్డాం. కారు వచ్చింది. ప్రేమమ్మ చేయి ఎత్తింది. వెనక మీరు, అమ్మగారు పసుపు పచ్చ చీరలో, ఒళ్ళో గంపతో యాదవ్వ. ఆమెతో పాటు ఊరి బయటే ఎదురెళ్ళి ఎక్కిన లింగమూర్తి ముందు సీట్లోంచి దిగి తలుపు పట్టుకున్నాడు. ‘‘కూసో అక్కా. సారు పక్కన నాకు జాగ దొరికింది, ఇగ గిది నీది’’ అని తాను వెనక ఇరుక్కున్నాడు. ప్రేమమ్మ చీర సర్దుకుని ముందు కూర్చుని అద్దం దించింది. నేను ఎక్కబోయాను. ఎక్కడ ఎక్కాలి?

‘‘నీకేంది తోమాసు, బస్సు ఎనుకనే వస్తున్నది గద’’ అంది యాదవ్వ.

దేవదాస్ నన్ను చూసి నవ్వాడు. ముప్పై ఏళ్ళలో సగం నా కేక వింటేనే బండి కదిలించిన మనిషి. కేక కోసం చూశాడు. ప్రేమమ్మ అద్దంలోంచి తల బయట పెట్టి ‘‘రైట్’’ అంది. బండి కదిలింది. వడ్ల కల్లాల దగ్గర జనం లేచి నిలబడి మీకు చేతులు ఊపుతుంటే దూరం నుంచి చూశాను. కళ్ళు చెమర్చాయి, దుమ్ము కూడా ఉంది.

నేను బస్సులో చర్చి చేరేసరికి ఆఖరి పాట అయిపోతోంది.

సారూ, సిగ్గు విడిచి ఒక మనవి. ఆ కారు మీరు మళ్ళీ ఎప్పుడైనా అమ్మదలిస్తే ముందు నాకు చెప్పండి. బాగా ఆలోచించాను. అందులో నాకు ఖాయంగా దొరికే సీటు ఒక్కటే, అది డ్రైవరు సీటు.

మీ,
తోమాసు

తా.క.: ప్రేమమ్మ ఈ ఉత్తరం చదివింది. కారు మళ్ళీ కొనవద్దంటోంది. యజమాని భార్యగా ఉన్నన్నాళ్ళూ వెనక కూర్చుందట, ఇప్పుడే ముందుకు వచ్చిందట.